అమ్మకానికి ఎర్రకారు

కొందరికి చుట్టలు, కొందరికి చీట్లపేక, మరికొందరికి పాతకాలపు నాణేలు. ఎవరి వ్యసనం వారిది. నాకు అమెరికావాళ్లు చేసిన ఎర్రకార్లు. అందులోనూ వేగానికి పేరుపడ్డవి. మరీ ముఖ్యంగా అమ్మకానికి పెట్టినవి. దారిన పోయే ఎర్రకారును చూస్తే కళ్లకు పండగే గాని, అది ఇంకొకరి సొత్తు. అదే కారు అద్దానికి "అమ్మబడును" అని కాగితం అంటించి ఉందనుకోండి, సగం నాదయిపోయినట్టే. తక్కిన సగానికి డబ్బు కావాలి. అది నా దగ్గర చాలాకాలం లేదు. ఉన్న కాలంలో మా ఆవిడ అనుమతి లేదు.

"చేసుకునే ఉద్దేశం లేనివాడు పెళ్లిచూపులకు వెళ్లడం ఏం మర్యాదండీ?" అంటుంది ఆవిడ. ఈ ప్రశ్నకు యాభై ఏళ్లుగా నా దగ్గర జవాబు లేదు. అయినా వెళుతూనే ఉన్నాను.

నేను మిషిగన్ రాష్ట్రానికి వచ్చింది 1974లో. కాకినాడలో ఇంజనీరింగు చదివి, డిట్రాయిట్ దగ్గర ఒక కంపెనీలో బ్రేకు డ్రమ్ముల కొలతలు సరిచూసే ఉద్యోగంలో చేరాను. పంక్తి లేచిపోయి విస్తళ్లు ఎత్తేస్తున్న వేళకు వచ్చిన చుట్టంలాగు ఉండేది నా పరిస్థితి. అంతకు ముందు పదేళ్లపాటు ఈ ఊళ్లో ఒకళ్లను మించి ఒకళ్లు పెద్ద ఇంజన్ల కార్లు చేశారు. 1973లో అరబ్బు దేశాలు చమురు ఆపేసరికి పెట్రోలు బంకుల దగ్గర బారులు తీరారు. భీమసేనుడి ఆకలి ఉన్న ఆ కార్లను ఎవరూ ముట్టుకోవడం లేదు. పాతకార్ల దుకాణాల ముందు అవి వరసగా నిలబడి ఉండేవి. మంచు కరిగిన మార్చి నెలలో, తక్కిన ఊరంతా బూడిదరంగులో ఉన్నప్పుడు, ఆ ఎర్రకారు ఒక్కటీ దూరాన్నుంచి పిలిచేది.

అప్పటి నా జీతంతో అలాటిది కొనగలిగి ఉండేవాణ్ణే. కాని ఇంటి దగ్గర ఇద్దరు చెల్లెళ్లు పెళ్లికి ఉన్నారు. గాలనుకు పది మైళ్లయినా పోని కారూ, ఇద్దరు చెల్లెళ్లూ ఒక్క జీతంలో ఇమడరు. చెల్లెళ్ల పెళ్లిళ్లు లక్షణంగా జరిగాయి. ఆ కార్ల ధరలు మటుకు, నేను చూస్తూ ఉండగానే, నాకు అందనంత దూరం వెళ్లిపోయాయి.

ఎరుపే ఎందుకు అని అడగవచ్చు. మోటారు పందేల్లో వెనకటికి దేశానికొక రంగు ఉండేది. ఇటలీకి ఎరుపు, ఇంగ్లండుకు ఆకుపచ్చ, ఫ్రాన్సుకు నీలం. అమెరికాకు కేటాయించినవి తెలుపూ నీలమూను. అంచేత అమెరికా కారుకు ఎరుపు పుట్టింటివారు పెట్టిన చీర కాదు. పొరుగింటావిడ కట్టుకుంటే చూసి మోజుపడి కొనుక్కున్నది. 1953లో కార్వెట్ అనే కారును మొదటిసారి 300 చేస్తే, మూడువందలూ తెల్లనివే. లోపల సీట్లు మాత్రం ఎర్రవి. పైకి చెప్పుకోలేని కోరికలాగు లోపల దాచుకున్నారు కాబోలు. మరుసటి ఏడాదే ఆ ఎరుపు బయటికి వచ్చింది.

ఎర్రకారుకు ఇన్సూరెన్సు ఎక్కువ కట్టాలని ఇక్కడ చాలామంది నమ్మకం. మా ఆవిడ నా నోరు మూయించడానికి వాడే అస్త్రాల్లో ఇదొకటి. ఇన్సూరెన్సు కంపెనీలు కారు రంగును లెక్కలోకి తీసుకోవు. ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా మా ఇంట్లో చెల్లుబాటు కాలేదు.

ఈ ఎరుపులకు పెట్టిన పేర్లు చదువుతుంటే నాకు వేడుకగా ఉంటుంది. షెవ్రొలె వారు 1957లో వేసిన ఎరుపు పేరు ‘మాటడార్ రెడ్’. అంటే ఎద్దులతో పోరాడే స్పెయిన్ వీరుడన్నమాట. 1963 కార్వెట్ ఎరుపుకు ‘రివర్‌సైడ్ రెడ్’ అని కాలిఫోర్నియాలోని పందెపు మైదానం పేరు. 1969లో ‘మోంజా రెడ్’, ఇటలీ మైదానం పేరు. బట్టల కొట్టువాడు చీరలకు సినిమాల పేర్లు పెట్టినట్టే ఇదీను. అన్నింటిలోకీ దగా ఒకటుంది. 1969లో పాంటియాక్ వారు ‘ది జడ్జ్’ అనే కారుకు ‘కరౌసెల్ రెడ్’ అని పేరుపెట్టి వేసిన రంగు చూస్తే, అది ఎరుపు కానేకాదు, పండిన నారింజ. కుంకుమ అడిగితే కాషాయం పొట్లం కట్టి ఇచ్చినట్టు. కారు మంచిదే. కాని నా జాబితాలో దానికి చోటివ్వలేదు.

1957 బెలేర్‌ను మటుకు ఎప్పుడూ మొదట రాస్తాను. వెనక రెండు వైపులా చేపరెక్కలవంటి తోకలు, వాటిమీద మాటడార్ రెడ్. దాని ఇంజన్లలో ఒకదానికి కార్బురేటరు తీసేసి పెట్రోలును పిచికారీ చేసే ఏర్పాటు పెట్టారు. 283 ఘనపుటంగుళాల ఇంజను, 283 అశ్వశక్తి. ఘనపుటంగుళానికి ఒక్కొక్క గుర్రం. లెక్క ఇంత ముచ్చటగా కుదిరిన ఇంజను మరొకటి ఉంటే, దానిమీద నాకు ఇంత ప్రేమ ఉండకపోను.

తరవాత 1963 కార్వెట్. దీని వెనక అద్దానికి నిలువునా ఒక దూలం ఉంటుంది. అద్దం రెండు ముక్కలు. ఆకారం దిద్దించిన బిల్ మిచెల్‌కు ఆ దూలం ప్రాణం. ఇంజనీరు జోరా ఆర్కస్ డంటొవ్‌కు అది కంట్లో నలుసు, వెనకవచ్చే బండి కనబడదని. ఒక్క ఏడాది మిచెల్ మాట నెగ్గింది. 1964 నుంచి ఒకే అద్దం. కొత్త కారు చూసి మోజుపడి, కొందరు తమ 1963 కారు దూలాన్ని రంపంతో కోయించి ఒకే అద్దం పెట్టించుకున్నారు. ఇప్పుడు కోరేది ఆ దూలం ఉన్న కార్లనే. రివర్‌సైడ్ రెడ్‌లో, దూలం ఉన్నది, పిచికారీ ఇంజనుది, ఒక వేలంపాటలో చూశాను. పాటవాడు అంకెలు పెంచుతూ పోతున్నాడు. నా చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాను, ఎందుకైనా మంచిదని.

ఇక ఫోర్డువారి ఎరుపు. 1964 ఏప్రిల్ 17న న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనలో వారు మస్టాంగ్‌ను విడుదల చేశారు. ధర 2,368 డాలర్ల నుంచి మొదలు. గుమాస్తాలు కొన్నారు, బడిపంతులమ్మలు కొన్నారు. ఆ కారు ఎరుపు పేరు ‘రంగూన్ రెడ్’.

మా తాతగారు కుర్రతనంలో కాకినాడ రేవులో ఓడ ఎక్కి రంగూన్ వెళ్లి, ఒక బియ్యపు మిల్లులో లెక్కలు రాశారు. ఆ రోజుల్లో మా జిల్లాలవాళ్లు వేలమంది అక్కడే ఉండేవారు. 1942లో జపానువాళ్లు వచ్చిపడితే, ఓడల్లో చోటు దొరకనివాళ్లంతా కొండలూ అడవులూ దాటి నడిచారు. తాతగారు నడిచి వచ్చినవారిలో ఒకరు. ఆ నడక సంగతి ఆయన ఎవరితోనూ చెప్పలేదు. అంతకుముందు ఓడలో పంపిన టేకుపెట్టె మా ఇంట్లో ఉండేది. నాకు తెలిసిన రంగూన్ అదే. ఎన్నో ఏళ్ల తరవాత, ఇక్కడ ఒక పెద్దమనిషి ఇంటి ముంగిట 1965 మస్టాంగ్ అమ్మకానికి ఉంటే చూడబోయాను. "రంగు మార్చలేదు, అసలు రంగూన్ రెడ్" అన్నాడాయన గర్వంగా. ఆ ఊరి పేరు వినగానే నాకు ఎరుపు తోచలేదు. పగిలిపోయి, వేసవిలోనూ మేజోళ్లు తొడుక్కునే మా తాతగారి పాదాలు తోచాయి. కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, ధర అడక్కుండానే వచ్చేశాను.

ఆ మస్టాంగ్‌లో ఇంకొక విశేషం ఉంది. దాని నంబరులో ఐదో చోట ఒక అక్షరం ఉంటుంది. అది ‘కె’ అయితే లోపల 271 అశ్వశక్తి ఇంజను పెట్టి ఫ్యాక్టరీ నుంచి పంపినట్టు. వేరే అక్షరం అయితే, బయట ఎన్ని బిళ్లలు తగిలించినా, అది పుట్టుకతో ఆ కారు కాదు. ఎర్రకార్లు చూడ్డంలో సగం సరదా ఈ అంకెలు చదవడంలో ఉంది.

కొత్తకాలపుదాన్నీ ఒకటి ఒప్పుకుంటాను. 1992లో డాడ్జివారు వైపర్ అనే కారును విడుదల చేశారు. ఆ ఏడాది చేసినవి 285. దాదాపు అన్నీ ఎరుపే. పది సిలిండర్లు, 400 అశ్వశక్తి. పక్క అద్దాలు లేవు. తలుపుకు బయట పిడి లేదు. లోపలికి చెయ్యి దూర్చి తీసుకోవాలి. చల్లగాలి యంత్రం లేదు. ఒకటి అమ్మకానికి ఉంటే మా ఆవిణ్ణి తీసుకువెళ్లి చూపించాను. అంతా పరకాయించి, "పూర్తయ్యాక చెప్పమనండి, వస్తాం" అంది.

కొనకపోయినా, చూడ్డానికి ఒక పద్ధతి ఉండాలి. నా జేబులో గుడ్డ చుట్టిన అయస్కాంతం ఉంటుంది. మిషిగన్‌లో చలికాలమంతా రోడ్లమీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు కార్ల అడుగును చెదలులాగు తింటుంది. తినేసిన చోట కొందరు రేకు అతకడానికి బద్ధకించి లప్పం పూసి, నున్నగా తోమి, పైన ఎర్రరంగు కొడతారు. అద్దంలాగు మెరుస్తుంది. అయస్కాంతానికి మెరుపుతో పనిలేదు; రేకు ఉంటే పట్టుకుంటుంది, లప్పమైతే జారిపోతుంది. (కార్వెట్ దగ్గర మాత్రం దీన్ని జేబులోనే ఉంచుకోవాలి. దాని ఒళ్లంతా ఫైబర్‌గ్లాసు, ఎక్కడా పట్టుకోదు.) పాతకాలపు ఎరుపు ఎండకు త్వరగా వెలిసి సుద్దగా మారేది. అంచేత యాభై అరవై ఏళ్ల కారు చెర్రీపండులాగు ఉందంటే, ఎవరో మళ్లీ రంగు వేశారన్నమాటే. వెయ్యడం తప్పు కాదు. వేసినవాడు రంగు కింద ఏం ఉంచాడన్నదే చూసుకోవలసింది.

ఇప్పుడు నాకు అన్నింటికన్న ఇష్టమైన కారు సంగతి.

డిట్రాయిట్ నదిదగ్గర మొదలై పాంటియాక్ అనే ఊరిదాకా పోయే వుడ్‌వర్డ్ రోడ్డు ఒకటుంది. ఆ ఊళ్లో అదే పేరుతో కార్లు చేసేవారు. చిన్నసైజు కార్లలో 330 ఘనపుటంగుళాలకు మించిన ఇంజను పెట్టకూడదని వారి మాతృసంస్థ జనరల్ మోటార్స్ కట్టడి చేసింది. పాంటియాక్‌లో చీఫ్ ఇంజనీరు జాన్ డిలోరియన్, ఆయన కిందివాళ్లు కలిసి ఒక ఉపాయం పన్నారు. టెంపెస్ట్ లెమాన్స్ అనే చిన్నకారు ఉంది. దానికి 389 ఘనపుటంగుళాల పెద్ద ఇంజనును, కారుగా కాక, కొనేవాడు కోరి పెట్టించుకునే అదనపు సరంజామాగా జాబితాలో చేర్చారు. కొత్త కారుకైతే పైవారి ఆమోదం కావాలి; సరంజామాకు అక్కర్లేదు. ఆ సరంజామా ధర సుమారు 296 డాలర్లు. పేరు జీటీఓ. ఇటలీ ఫెరారీ నుంచి ఎత్తుకొచ్చిన పేరు. 1964లో అయిదువేలు పోతే గొప్ప అనుకుంటే 32,450 పోయాయి. రెండేళ్లకు, 1966లో, ఆ సరంజామాయే వేరే తరగతి కారయింది. ఆ కాలపు అసలు జీటీఓ నంబరు 242తో మొదలవుతుంది. మామూలు లెమాన్స్ నంబరు 237తో. 1967 కారయితే ఆ నంబరు రేకు, డ్రైవరు తలుపు తీస్తే ముందు వైపు స్తంభంమీద ఉంటుంది.

పాంటియాక్ కార్లు 2010తో ఆగిపోయాయి. కాని 1995 నుంచి ఏటా ఆగస్టులో ఒక శనివారం పాతకార్లన్నీ వుడ్‌వర్డ్ రోడ్డుమీద ఊరేగుతాయి. మా మిత్రుడొకడూ నేనూ మడతకుర్చీలు వేసుకుని, పులిహోర డబ్బా మధ్య పెట్టుకుని, పొద్దున్నించి సాయంకాలం దాకా చూసేవాళ్లం. ఆయనది గుంటూరు. ఇక్కడ ఒక కాలేజీలో లెక్కలు చెప్పి, 2006లో రిటైరయ్యాడు. రిటైరయిన నెలలోనే 1967 జీటీఓ ఒకటి, ఎర్రది, వేరే రాష్ట్రంలో ఒకడి దగ్గర నలభైఆరు వేల డాలర్లకు కొన్నాడు. నేను కొనలేనిదాన్ని నా స్నేహితుడు కొన్నాడు. అసూయపడ్డాను. పడి, ప్రతి ఆదివారం వెళ్లి అందులో కూచున్నాను. ఆయన నడిపేవాడు, నేను పక్కన. ఇంజను మోత కింద ఇద్దరం మాట్లాడుకోనవసరం లేకపోయేది.

ఊరందరి కార్ల నంబర్లూ చదివే నేను ఆ కారు నంబరు చదవలేదు. స్నేహితుడి కారుకు నంబరు చూడ్డమంటే, వియ్యాలవారింట భోజనానికి కూచుని గ్లాసు తిరగేసి ముద్ర చూసినట్టుంటుంది.

2022 చలికాలంలో ఆయన పోయాడు. మరుసటి వేసవిలో ఆయన భార్య ఫోను చేసింది. "అన్నయ్యగారూ, ఇల్లమ్మేసి టెక్సాస్‌లో అమ్మాయి దగ్గరికి వెళ్లిపోతున్నాను. కారుకు ధర కట్టాలి. మీరొకసారి వచ్చి చూడాలి" అంది. మనవరాలు ఆ ఏడే కాలేజీలో చేరబోతోంది. ‘నా కారు నీ చదువుకే’ అని తాతగారు ఆ పిల్లకు మాట ఇచ్చి ఉన్నారు. కూతురు అప్పటికే ఫోటోలు తీసి ప్రకటన ఇచ్చింది. ఒహాయో నుంచి ఒకాయన అరవై వేలు ఇస్తాననీ, ఆదివారం డబ్బుతో వస్తాననీ చెప్పాడట.

శుక్రవారం వెళ్లాను. గరాజులో కారుమీద దుప్పటి తీశాను. ఆయన తుడిచిన మెరుపు ఇంకా అలాగే ఉంది. అయస్కాంతం అంతటా గట్టిగా పట్టుకుంది. తలుపు తీశాను. స్తంభంమీద రేకు కొంచెం మసకగా ఉంటే జేబురుమాలుతో తుడిచి, కళ్లజోడు పెట్టుకుని చదివాను. 237.

మళ్లీ తుడిచి మళ్లీ చదివాను. బానెట్టు ఎత్తి, ఇంజను వెనక రేకుగోడకు బిగించి ఉండే రెండో రేకు చూశాను. దానిమీద రంగు గుర్తు ఉంటుంది. ఆ ఏటి ఎరుపుకు ‘ఆర్’ అనే అక్షరం. అది లేదు. ఆకుపచ్చ గుర్తు ఉంది. డిక్కీలో చాప ఎత్తితే మూలల్లో ఆ పచ్చ ఇంకా కనబడుతోంది. ఇంజను 400 ఘనపుటంగుళాలదే, మరే పాంటియాక్ నుంచో తీసి పెట్టింది. బానెట్టుమీది గాలిగూడు, వెనక దీపాలు, జీటీఓ అక్షరాలు అన్నీ మరలతో బిగించేవే. ఇలాటివాటిని ఇక్కడ క్లోన్లంటారు. మన ఊళ్లో పగటివేషగాడు పొద్దున్నే కిరీటం పెట్టుకుని గుమ్మంలో నిలబడితే రాజే అనిపిస్తాడు. కాని అతడు వేషమని చెప్పుకునే వేస్తాడు. మా మిత్రుడికి ఈ కారు అమ్మినవాడు చెప్పలేదు.

ఒక చెయ్యి తలుపుమీద వేసి అలాగే నిలబడ్డాను. నేను నోరు మూసుకుంటే ఆదివారానికి అరవై వేలు ఆవిడ చేతిలో పడతాయి. చెపితే, నా అంచనాకు, అందులో సగం. ఆ నంబరు యాజమాన్యపు కాగితంమీద కూడా ఉంటుంది. కొనేవాడు చదువుకోవచ్చు, చదువుకోకపోతే అది అతడి ఖర్మ. ఆవిడకా ఏమీ తెలియదు. తెలియకుండా అమ్మినదానికి ఆవిణ్ణి ఎవరూ తప్పుపట్టరు. నేను చెప్పిన క్షణం నుంచి మటుకు, ఆవిడ నోరు విప్పాలి, లేకపోతే అబద్ధమాడాలి. ఆ బరువు ఆవిడ నెత్తిన పెట్టే హక్కు నాకెక్కడిది? ఇలా ఎంతసేపు ఆలోచించానో గాని, ఆవిడ కాఫీ పట్టుకుని గరాజులోకి వచ్చింది.

"ఏమిటన్నయ్యగారూ, ఇంతసేపు తలుపు పట్టుకునే నుంచున్నారు?"

"చెల్లెమ్మా, దీని నంబరు..."

"రెండువందల ముప్ఫై ఏడు. అదేనా?" అంది ఆవిడ.

కాఫీ అందుకున్నాను గాని తాగలేదు.

"కొన్న రెండేళ్లకు ఆయనకు తెలిసిందండీ. ఒక రాత్రి గరాజులోంచి వచ్చి అన్నం వద్దన్నారు. ఏమిటంటే, ‘లెక్క తప్పింది’ అన్నారు. అమ్మినవాడికి ఫోను చేస్తే ఆ నంబరు లేదు. ఎవరికైనా అమ్మెయ్యండి అన్నాను. ‘చెప్పి అమ్మితే సగం డబ్బు పోతుంది, చెప్పకుండా అమ్మితే వాడికీ నాకూ తేడా ఏముంది’ అని ఊరుకున్నారు. మీతో చెప్పవద్దని మరీమరీ చెప్పారు. ‘వాడు అంత ఇష్టంగా వచ్చి కూచుంటాడు, వాడి ఆదివారం నేనెందుకు పాడుచెయ్యాలి’ అన్నారు."

పధ్నాలుగేళ్లు. ప్రతి ఆదివారం పక్కన కూచోబెట్టుకుని, ‘వినవోయ్ దీని గొంతు’ అని నాతో అంటూనే ఉన్నాడు.

"మరి నన్నెందుకు పిలిచావమ్మా?" అన్నాను.

"అమ్మాయి అంటోందీ, ‘నీకు తెలుసని ఎవరికి తెలుసమ్మా, అడిగితే తెలియదను’ అని. అదేమీ చెడ్డది కాదు. పిల్ల చదువు, జీతాలు మీకు తెలుసుగా. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. ఆయన ఉంటే ఆయన చెప్పేవారు. ఇంక మీరే చెప్పాలి."

నేను చెప్పడానికి ఏముంది? పధ్నాలుగేళ్ల కిందటే ఆయన చెప్పేశాడు. ఒహాయో ఆయనకు నేనే ఫోను చేస్తాననీ, ప్రకటన మళ్లీ నేనే రాస్తాననీ అన్నాను. ఆవిడ తల ఊపి ఖాళీ కప్పు కోసం చెయ్యి చాచింది. అప్పుడు గుర్తొచ్చి తాగాను.

ఒహాయో ఆయన అంతా విని కాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఇది నాకెందుకు చెపుతున్నారు?" అని అడిగాడు. చిత్రమైన ప్రశ్న. ఆదివారం రాలేదు.

ప్రకటన రాయడానికి నాకు ఒక సాయంకాలమంతా పట్టింది. ఇన్నేళ్లుగా వేలకొద్దీ చదివాను. రాయడం అదే మొదలు. "1967 పాంటియాక్ లెమాన్స్. నంబరు 237. జీటీఓ వేషం; అసలు జీటీఓ కాదు. ఇంజను 400, మార్చినది. ఎరుపు తరవాత వేసినది, పుట్టుక రంగు ఆకుపచ్చ. రేకు గట్టిది. ఒక లెక్కల మేష్టారు పదహారేళ్లు ప్రతి ఆదివారం తుడిచినది." చివరి వాక్యం మా ఆవిడ కొట్టెయ్యమంది, కొనేవాడికి అనవసరమని. కొట్టెయ్యలేదు.

ఆరువారాలు ఎవరూ రాలేదు. వచ్చిన ఫోన్లన్నీ ఇరవై వేల దగ్గర మొదలై అక్కడే ఆగేవి. కూతురు తల్లితో ముక్తసరిగా మాట్లాడేది. నాతో బొత్తిగా మానేసింది. ఆ పిల్లను నేను తప్పుపట్టను. కాలేజీ జీతం గడువు దాటకుండా ఆ అమ్మాయే అప్పుచేసి కట్టింది.

సెప్టెంబరులో ఫ్లింట్ నుంచి ఒక మెకానిక్కు వచ్చాడు. అతడి జేబులోనూ గుడ్డ చుట్టిన అయస్కాంతం ఉంది. చూడగానే నాకు ప్రాణం లేచివచ్చింది. గంటసేపు కారు కింద పడుకుని చూశాడు. లేచి చేతులు తుడుచుకుని, "మీరు రాసినట్టే ఉంది" అన్నాడు. అతడి నోట అంతకు మించి పొగడ్త రాలేదు. ఇరవైతొమ్మిదిన్నర వేలు ఇస్తానన్నాడు. ఆవిడ సరేనంది. కారును ఏం చెయ్యబోతున్నావని అడిగాను. లెమాన్స్‌గానే ఉంచుతాననీ, పుట్టుకతో వచ్చిన ఆకుపచ్చ రంగే వేయిస్తాననీ అన్నాడు.

నా మొహం చూసి ఆవిడకు నవ్వు వచ్చింది. భర్త పోయాక ఆవిడ నవ్వగా చూడ్డం అదే. "ఆయనకు ఆకుపచ్చ బొత్తిగా గిట్టదండీ. నేనా రంగు చీర కడితే మొహం తిప్పుకునేవారు" అంది.

ట్రైలరు మీదికి ఎక్కించబోతూ ఆ మెకానిక్కు ఆగి, పనిముట్ల పెట్టె తెరిచి, ముందు జాలీమీద ఉన్న జీటీఓ అక్షరాలను మరలు విప్పి తీశాడు. తనకు వాటితో పనిలేదని ఆవిడ చేతిలో పెట్టాడు. చీరచెంగుతో తుడిచి చూసుకుంది. సామాను టెక్సాస్‌కు కట్టేటప్పుడు వాటిని గాజుసామాను పెట్టెలో, పాతచీర మడతల్లో పెట్టి, మనవరాలి పేరు రాసింది.